అక్షింతలు పడ్డ పిస్తోలు

ఆ ఉదయం జమ్మలమడుగు హెడ్ కానిస్టేబుల్ ఓబయ్య అనుకున్న పని చాలా చిన్నది. సంగటి తిని, శాఖవారు పాత రివాల్వరు తీసుకుని ఇచ్చిన కొత్త పిస్తోలు నడుముకు తగిలించుకుని, ప్రొద్దుటూరులో బస్సు మారి పులివెందుల చేరాలి. అక్కడ మహీధర్ అనే అధికారి ముందు నిలబడి, ఆయన చెప్పగానే పిస్తోలు తీసి చూపించాలి. చకచకా తీసినవాడు ఉన్నచోటే ఉంటాడు. తడబడినవాడు కడపకు పోయి గేటు దగ్గర కాపలా కాస్తాడు. ఓబయ్య కడప పోతే అతని భార్య నాగేశ్వరమ్మ గొర్రెలు ఎక్కడ మేస్తాయన్నది పోలీసు శాఖకు పట్టని విషయం. ఓబయ్యకు మాత్రం వారం రోజులుగా అదే బెంగ.

పాత రివాల్వరు రోకలిబండ బరువుండేది. తోలు సంచి మూత ఎత్తితే చేతికి వచ్చేది. కొత్తది నల్లగా, తేలిగ్గా ఉంది. దాని ఒర గట్టి ప్లాస్టిక్కుది. దొంగలు లాక్కోకుండా ఒర పక్కన ఒక బొత్తాం పెట్టారు, అది నొక్కితేనే పిస్తోలు వదులుతుంది. గుండ్లు స్టేషన్ బీరువాలోనే ఉన్నాయి. తనిఖీకి ఖాళీదే తెమ్మన్నారు. నాగేశ్వరమ్మ ఆ వింతను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంది, తిరణాల్లో అమ్మే బొమ్మ మాదిరుండాది! దీన్ని జూసి దొంగలు బయపడతారా?"

"దీని దెబ్బ శానా గట్టిదంట."

"పూజ చేసినారా దీనికి?"

"సర్కారు పిస్తోలుకు పూజేంది?"

"మోటారుకు చేసినాం, మిక్సీకి చేసినాం. ఇదేం పాపం చేసింది?"

ఆ ఇంట్లో పసుపు కుంకుమ పడనిదే ఏ కొత్త వస్తువూ పని మొదలుపెట్టదు. ఓబయ్య స్నానం చేసి వచ్చేసరికి తొలిపూజ అయిపోయింది. ఒరకు మూడు బొట్లు, పక్కన నిమ్మకాయ, మీద గుప్పెడు తడి అక్షింతలు. నాగేశ్వరమ్మ గొర్రెల్ని తోలుకుని అప్పటికే పొలిమేర దాటింది. ఓబయ్య పసుపు తుడిచి, అద్దం ముందు నిలబడి బొత్తాం నొక్కాడు. అది కదలలేదు. సందులో పచ్చగా ఒక బియ్యపుగింజ కనిపించింది. అగ్గిపుల్లతో పొడిస్తే ఇంకా లోపలికి పోయి స్థిరపడింది.

ప్రొద్దుటూరు బజార్లో తాళాలు బాగుచేసే ఖలీల్ ఓబయ్యకు పాత స్నేహితుడు. బస్సు దిగి ఓబయ్య నేరుగా అక్కడికే పోయాడు. ఖలీల్ ఒరను పైనుంచి, కిందనుంచి ముచ్చటగా చూశాడు.

"మామా, ఇట్లాంటిది నేనెప్పుడూ చూడల్యా! విప్పి చూద్దునా?"

"విప్పితే నా ఉద్యోగం విప్పుతారు. గింజ తియ్యి చాలు."

"అయితే నేను కింద కూచుని ఒర పట్టుకుంటా, నువ్వు పైనుంచి గుంజు."

ఖలీల్ బల్ల వెనక చతికిలబడ్డాడు. ఓబయ్య కాళ్లు ఎడం చేసి, పిస్తోలు పిడి పట్టుకుని, పళ్లు బిగించి గుంజాడు. సరిగ్గా అప్పుడే ఎదురుగా బట్టల అంగడి లక్ష్మీనరసయ్య అగరొత్తులు వెలిగించి వీధిలోకి చూశాడు. ఆయనకు ఖలీల్ కనపడలేదు. కళ్లు ఎర్రబడ్డ పోలీసు, పిస్తోలు మీద పోలీసు చెయ్యి, ఈ రెండే కనపడ్డాయి. ఆయన అగరొత్తులు అక్కడే వదిలేసి షట్టరు దించాడు.

ప్రొద్దుటూరు బజార్లో ఒక షట్టరు దిగితే పక్కవాడు ఎందుకని అడగడు. ముందు తనది దించి, లోపలినుంచి ఫోన్ చేసి అడుగుతాడు. కాసేపట్లో బజారంతా మూతపడింది. ఆ ఫోన్లలో పోలీసు పక్కన ఒక ముఠా చేరింది, ముఠాకు ఎదురు ముఠా చేరింది. కబురు పులివెందుల చేరేసరికి జీపుల నిండా బాంబులు కూడా వచ్చాయి.

ఓబయ్య తలెత్తి చూస్తే వీధి నిర్మానుష్యం.

"ఏమైందప్పా?" అన్నాడు ఖలీల్.

"ఏమో! యాడో గలాటా జరుగుతాన్నట్టుంది," అని ఓబయ్య పరుగున పోయి వీధి మొదట్లో కాపలా నిలబడ్డాడు. గలాటా తానేనని పాపం అతనికి తెలియదు.

తనిఖీ ఆపేసి మహీధర్ జీపులో దిగాడు. ఎండ మండిపోతున్నా ఆయన కుడి నడుము మీద మడతపెట్టిన తువ్వాలు ఉంది. అదెందుకో ఓబయ్యకు అర్థం కాలేదు. షట్టర్లు జానెడు లేచాయి. కొత్త పిస్తోలు ఎలా ఉంటుందోనని వాటి కిందనుంచి తలలు బయటికి వచ్చాయి.

"ముందుగా ఇక్కడికి వచ్చింది నువ్వేనా? ఏదీ, పిస్తోలు తియ్యి," అన్నాడు మహీధర్.

ఓబయ్య పిడి మీద చెయ్యి వేశాడు. కళ్ల ముందు కడప గేటు, దాని ముందు మేత లేని గొర్రెలు కనిపించాయి. ఇంతలో లక్ష్మీనరసయ్య వంగి షట్టరు కిందనుంచి బయటికి వచ్చాడు.

"అయ్యా, ఈయన్ని తియ్యమనద్దండీ! నేను కళ్లారా చూసినా. చెయ్యి పిస్తోలు మీదే ఉండాది, కోపం తన్నుకొస్తాంది, అయినా తియ్యల్యా! ఇంత ఓర్పుండే పోలీసును నేను యాడా చూడలేదు. ఆ ముఠాలు ఈయన్ని జూసే పారిపోయింటాయి."

బజారంతా చప్పట్లు కొట్టింది. మహీధర్ ఓబయ్యను జీపులో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఊరు దాటేదాకా ఓబయ్య ఆగలేకపోయాడు. పొగడ్త మరీ ఎక్కువైతే అజీర్తి చేస్తుంది.

"సార్, నన్ను కడపకే పంపీండి. ఓర్పు లేదు, పాడూ లేదు. మా ఇంటామె అక్షింతలేసింది, గింజ ఇరుక్కుంది. గుంజి గుంజి నా బుజం పోయింది."

మహీధర్ వెనక్కి తిరిగి ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకున్నాడు. తర్వాత నడుము మీది తువ్వాలు మెల్లగా తీశాడు. కింద ఒర మీద మూడు కుంకుమ బొట్లు, సందులో పచ్చటి గింజ.

"మా అత్తగారిది పులివెందులే," అన్నాడాయన. "పొద్దున అందరి ముందూ నేనే ముందుగా తీసి చూపించాల్సి ఉంది. ఎట్లా తప్పించుకోవాలా అని చూస్తుంటే మీ బజారు దేవుడల్లే మూతపడింది."

జీపు పులివెందులకు పోలేదు, జమ్మలమడుగుకు తిరిగింది. నాగేశ్వరమ్మ గొర్రెల కాళ్లలో ముళ్లు లాగే పట్టకారుతో గింజలు రెండూ ఊడబెరికింది. పిస్తోళ్లు రెండూ వెన్నలా జారి బయటికి వచ్చాయి. ఓబయ్య ఆనందంతో అక్కడికక్కడే ముమ్మారు తీసి చూపించాడు. అతన్ని జమ్మలమడుగులోనే ఉండమన్నాడు మహీధర్.

"జూసినారా, పూజ చేసినందుకే అంతా మంచి జరిగింది," అంటూ నాగేశ్వరమ్మ పసుపుగిన్నె అందుకుంది.

అధికారి, హెడ్ కానిస్టేబులు ఒకేసారి ఒరలు గుండెలకు హత్తుకున్నారు.

మిగతా పోలీసుల ఇళ్లలో కూడా ఆడవాళ్లు ఉన్నారు కాబట్టి, కొత్త పిస్తోళ్లు వచ్చాక ఆ చుట్టుపక్కల ఒక్క పోలీసు కూడా తొందరపడి ఆయుధం తీయలేదని ఆ నెల పైవాళ్లకు రిపోర్టు పోయింది.