ఎలుగుబంటి కాపలా

ఆ పొద్దున జమీరా అనుకున్నవి రెండే పనులు. స్లాబు పోసేవాళ్లకు పాలకూర కూరిన బ్యురెక్ రొట్టెలు కాల్చిపెట్టడం, కూతురు లూలేను ఇనుప చువ్వల వైపు పోనివ్వకుండా చూసుకోవడం. ఇవాళ మేడగదికి పైకప్పు పడితే వానలకు ముందే అందులోకి మారిపోవచ్చు. పెళ్లయినప్పటినుంచి ఆమె, భర్త పెత్రిత్ అత్తగారి గదిలోనే పడుకుంటున్నారు. ఇప్పుడు పాప కూడా.

బెరాత్ ఊరి చుట్టుపక్కల యుమెర్ మేస్త్రికి మంచి పేరుంది. కాఫీ తాగుతూ అతను ఇంటిల్లిపాదికీ ఒకటే చెప్పాడు. "ఇల్లు కట్టడానికి చేతులెన్నున్నా ఫర్లేదు, నోరు ఒకటే ఉండాలి. ఏం చేసినా నాకో మాట చెప్పి చేయండి." అందరూ సరేనన్నారు. సరేననడానికి ఆ ఇంట్లో ఎవరూ వెనకాడరు.

అత్తగారు హతిజే అప్పటికే ఒకటి చెప్పకుండా చేసేసింది. కట్టే ఇంటికి దిష్టిబొమ్మ లేకపోతే ఎలాగని, పాప ఎలుగుబంటి బొమ్మను ఒక కూలీ చేత అన్నిటికన్నా ఎత్తు చువ్వకు కట్టించింది. కాసేపటికి లూలే పైకి చూపిస్తూ ఏడుపు లంకించుకుంది.

బొమ్మ కోసమే అనుకుంది జమీరా. బొమ్మ లేకపోతే పాప తినదు, పడుకోదు, జ్వరం తెచ్చుకుంటుంది. ఆమె ఆలోచన ఆసుపత్రి దాకా వెళ్లొచ్చింది గానీ, ఎందుకేడుస్తున్నావని అడగాలని మాత్రం తోచలేదు. వెనకనుంచి నిచ్చెనెక్కి బొమ్మను విప్పేసింది. చువ్వ బోసిగా ఉంటే అత్తగారు ఊరుకోదు. అందుకని పెత్రిత్ పాత కోటులో, పంట్లాములో గడ్డి కుక్కి అక్కడ కట్టింది. కంగారులో ముడి సరిగా పడలేదు. ఆమె కిందికి దిగేసరికి గడ్డిమనిషి జారి, ఒంటిచేత్తో మేడ అంచున వేలాడుతున్నాడు.

"హతిజే వదినా, మీ పెత్రిత్ పైనుంచి వేలాడుతున్నాడేమిటి?" అంది ఎదురింటి షెఫికే, చేతిలోని ద్రాక్షపళ్ల గిన్నె దించకుండానే.

పెత్రిత్ నిజానికి కాంక్రీటు లారీకి దారి చూపించడానికి రోడ్డు మీదికి వెళ్లాడు. అతనూ చెప్పి వెళ్లలేదు. హతిజే కుర్చీలో వాలిపోయింది. అతన్ని కాపాడాలని పనివాళ్లందరూ ఒక్కసారిగా సెంట్రింగు మీదికి ఉరికారు. ఆ తొక్కిసలాటలో కింది ఊతకర్రలు జరిగి, ఒక పక్కంతా కుంగిపోయింది. అప్పుడే లారీ దిగిన పెత్రిత్ తన కోటును తానే గుర్తుపట్టాడు.

ఎండకు సరుకు గట్టిపడుతోందని, ఎక్కడ పోయాలో చెప్పమని డ్రైవరు తొందరపెట్టాడు. పెత్రిత్ ఆగమన్నాడు, షెఫికే పోసెయ్యమంది, తెలివొచ్చిన హతిజే దేవుడిష్టమంది. డ్రైవరు తన ఇష్టమే చూసుకుని ముంగిట్లో కుమ్మరించి వెళ్లిపోయాడు.

జమీరా జరిగింది చెప్పాక యుమెర్ కేకలు వెయ్యలేదు. "నాకో మాట చెప్తే ఆ బొమ్మను నేనే విప్పించి ఇచ్చేవాణ్ణి కదా కోడలా. వేరేవాళ్లకి మాటిచ్చాను. ఇక వానలయ్యాకే నేను రాగలిగేది" అన్నాడు.

జమీరా తలెత్తలేకపోయింది. బొమ్మనైనా పాప చేతికిచ్చింది. లూలే ఏడుపు రెట్టింపయింది.

"ఎందుకు దింపావమ్మా? మన గదికి కాపలా ఉండమని నేనే నానమ్మకిచ్చా. ఎండగా ఉంది, దానికి టోపీ పెట్టమన్నానంతే."

ఆ ఏటి వానలన్నీ జమీరా అత్తగారి గురక వింటూనే గడిపింది. ఎందుకేడుస్తున్నావు తల్లీ అన్న ఆ ఒక్క ముక్కను పక్కమీద పడుకుని ఎన్నిసార్లు అనుకుందో.

ముంగిట్లో గట్టిపడ్డ కాంక్రీటు గుట్ట మీద ఎలుగుబంటి టోపీ పెట్టుకుని కూర్చుంది. ఆ మేడకు దిష్టి మాత్రం ఇప్పటిదాకా తగల్లేదు.