ముద్ద ముట్టని పిల్లలు

పులివెందుల తాలూకాలో మూడేళ్ల లోపు పిల్లలు అన్నం తినడం మానేశారని పైవారికి తెలిసిన సంవత్సరం పందొమ్మిది వందల యాభై ఎనిమిది. అంతకు ముందు తింటూ ఉండేవారా అంటే, దానికి ఫైలు లేదు. ఇంత పెద్ద సంగతిని కనిపెట్టిన ఘనత మాత్రం శేషగిరిదే.

శేషగిరి అప్పటికి ఆరు నెలల టెంపరరీ గుమాస్తా. కొత్తగా పెట్టిన శిశు ఆహార విచారణ శాఖ వారు ఆయనకొక సైకిలు, ఒక సిరాబుడ్డి, నాలుగు వందల ఫారాలు ఇచ్చి, ఇల్లిల్లూ తిరిగి విచారించి రమ్మన్నారు. విచారణ సవ్యంగా ఉందని పైవారు మెచ్చుకుంటే ఉద్యోగం పర్మనెంటు. మెచ్చుకోకపోతే సైకిలు అప్పగించి ఇంటికి నడిచి పోవాలి. ఇంటికి పోవడం సుఖమైన పని కాదు. ఇంట్లో ఉన్న మామగారు కోదండపాణిగారు పెద్దమనిషి, అబద్ధమాడరు. ఎవరైనా వస్తే "వీడు మా అల్లుడు, టెంపరరీ" అని పరిచయం చేసేవారు.

ఫారంలో పన్నెండు గళ్లు. అన్నిటికంటే ముఖ్యం ఏడో గడి. "శిశువు ఆహారము తినునా? (అ) తినును. (ఆ) తినదు. ఏదేని ఒకదానికి మాత్రమే టిక్కు పెట్టవలెను." లోకంలో మూడో జవాబు ఉంటుందని ఫారం అచ్చు వేసినవారు అనుకోలేదు.

మొదటి ఇల్లు వెంకటరమణమ్మగారిది. పది కాండ్ల ఎద్దుల సేద్యం, ఊళ్లో పెద్ద మాట. ఆమె చంకలో మనవడు ఆదినారాయణ ఉన్నాడు. వాడి ఒక చేతిలో సంగటి ముద్ద, ఇంకో చేతిలో బెల్లం గడ్డ, బుగ్గ మీద ఊరిబిండి పచ్చడి. శేషగిరి ఏడో గడి చదివాడు.

"ఏం తింటాడు నాయనా! గాలి తిని బతుకుతాండాడు. వీడు నోరు తెరిచి నాలుగు మెతుకులు తింటే వడమాల ఏపిస్తానని గండి ఆంజనేయసామికి మొక్కుకున్న్యా. మొన్న శనివారం ముందుగానే ఏపిస్తిమి కూడా."

"స్వామి ఏమన్నా దయ చూపాడా?"

"యాడిది! దావలో బండిలో ఆ మాలలోవే తొమ్మిది వడలు తిన్న్యాడు, ఇంటికొచ్చి అన్నం పెడితే ముట్టల్యా. నువ్వే చెప్పు, ఇదేమన్నా తిండేనా?"

వడలు ఆహారం కిందికి వస్తాయో రావో ఫారంలో లేదు. శేషగిరి "తినదు" కు టిక్కు పెట్టాడు.

రెండో ఇల్లు హసీనాది. ఆమె కొడుకు ఉస్మాన్‌కు రెండేళ్లు. "మావోడా? ఏమీ తినడప్పా. పొద్దున మూడు దోసెలు కొరికినాడు, అంతే. కొరికితే తిన్నట్టా?" అంది హసీనా. కొరకడానికి కూడా గడి లేదు. మరో టిక్కు.

ఇలా టిక్కులు పడుతూ పోయాయి. బిడ్డ బాగా తింటాడని బయటివాడితో చెప్పే తల్లి ఈ సీమలో ఇంకా పుట్టలేదు. చెబితే దిష్టి తగులుతుంది. బుగ్గకు కాటుక చుక్క పెట్టినట్టే మాటకు కూడా ఒక చుక్క పెట్టి పంపుతారు. ఈ మర్యాద శేషగిరికి తెలియదా అంటే, తెలుసు. పుట్టి పెరిగింది ఇక్కడే. కానీ చేతికి ఫారం వచ్చినాక మనిషికి తెలిసినవి కొన్ని తెలియకుండా పోతాయి. అదీగాక ఆయన ఇంట్లో కూడా ఇదే కరువు.

ఆయన భార్య అలివేలుమంగకు, కూతురు కమలకు అన్నం పెట్టడమంటే ఒక యజ్ఞం. పాపకు రెండున్నరేళ్లు. పప్పన్నం కలిపి ముద్దకొక పేరు పెట్టి తినిపించాలి. మొదట్లో అమ్మ ముద్ద, నాన్న ముద్ద, తాత ముద్ద. చుట్టాలు అయిపోయినా గిన్నెలో అన్నం అయిపోలేదు. అందుకని అలివేలుమంగ గవర్నమెంటులోకి దిగింది. మునసబు ముద్ద, కరణం ముద్ద, తాసీల్దారు ముద్ద, కలెక్టరు ముద్ద. ఈ విధంగా ఆ పాప అఆలు రాకముందే ప్రభుత్వ యంత్రాంగమంతా వరుస తప్పకుండా నేర్చుకుంది. ఒక్కొక్క హోదా వినగానే నోరు తెరిచేది. హోదాను చూసి నోరు తెరవడం పెద్దవాళ్లకు కూడా ఉన్నదే గనుక ఎవరూ తప్పు పట్టలేదు.

"ఏమండీ, ఇవాళ కలెక్టరు దాకా కూడా రాలేదు. తాసీల్దారు దగ్గరే మూతి తిప్పేసింది. చిక్కి శల్యమైపోతోంది" అని అలివేలుమంగ కళ్లనీళ్లు పెట్టుకునేది. ఆ పాప అంతకు ముందే వెంకటరమణమ్మ ఇంట్లో సంగటి, హసీనా ఇంట్లో సేమ్యా ముగించుకుని వచ్చేదని అలివేలుమంగకు తెలియదు. తన కూతురి ఫారం మీద కూడా శేషగిరి "తినదు" కే టిక్కు పెట్టాడు.

మూడు వందల తొంభై తొమ్మిది ఫారాలు అయ్యేసరికి ఆయనకు దిగులు పట్టుకుంది. నూటికి నూరుమంది తినరంటే పైవారు నమ్ముతారా? చెట్టు కింద కూర్చుని రాసుకొచ్చావంటారు. ఒక్కడంటే ఒక్కడు తినేవాడు దొరికితే బాగుండును.

దేవుడు మేలు చేశాడు. వేముల దగ్గర చెనిక్కాయ చేన్లో కూలికి వచ్చిన తిరుపాలమ్మ కనిపించింది. గట్టు మీద ఆమె రెండేళ్ల కొడుకు నారాయణ కూర్చుని ఉన్నాడు. ఏడ్వడం లేదు, ఆడడం లేదు, కూర్చుని ఉన్నాడు, అంతే.

"పిల్లవాడు తింటాడా అమ్మా?"

"పెడితే తింటాడు సామీ" అంది తిరుపాలమ్మ, చేతిలో పని ఆపకుండానే. "పెట్టకున్న్యా గమ్మునుంటాడు. శానా మంచోడు."

శేషగిరి ప్రాణం లేచి వచ్చింది. నాలుగు వందలిళ్లలో మొట్టమొదటిసారి "తినును" కు టిక్కు పెట్టాడు. సంతోషంలో ఆ టిక్కు కొంచెం పెద్దదే పడింది.

నివేదిక పైకి పోయింది. పైన గగ్గోలు పుట్టింది. రెండు నెలలు తిరక్కుండానే సముద్రాల అవతలి నుంచి పాలపొడి పీపాలు ప్రొద్దుటూరు మీదుగా లారీలో దిగాయి. పంచిపెట్టడానికి ప్రాంతీయ విచారణాధికారి సూర్యప్రకాశరావుగారు స్వయంగా పులివెందులకు దయచేశారు. ఆయన కోస్తా వారు, మంచి ఉపన్యాసకులు. సభకు ముందు ఆయనకు వెంకటరమణమ్మగారింట్లో భోజనం. పోళెలు, నేతిగిన్నె, నాలుగు రకాల కూరలు, వడలు. పిల్లల ఆకలి గురించి ఆలోచిస్తూ ఆయన రెండు గంటలు తిన్నారు.

సభలో తూకం కూడా పెడతారన్న సంగతి శేషగిరికి అప్పుడే తెలిసింది. నబీ రసూల్ చెనిక్కాయల మండీలోంచి పెద్ద కాటా తెచ్చి వేదిక ముందు దింపారు. ఆదినారాయణను తట్టలో కూర్చోబెడితే మణుగు మీద మూడు వీశెలు తూగాడు. ఉస్మాన్ మణుగున్నర. నబీ రసూల్ మర్యాదస్తుడు, కాటా చెడిపోయిందేమోనని క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. శేషగిరి సభ వైపు చూశాడు. మామగారు ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు.

అంతలో కమల వంతు వచ్చింది. ఎవరో "ఆఫీసరుగారికి దండం పెట్టమ్మా" అన్నారు. ఆఫీసరు మాట వినబడగానే పాప అలవాటు ప్రకారం నోరు ఇంత పెద్దగా తెరిచింది. సూర్యప్రకాశరావుగారు తన పళ్లెంలోని లడ్డు అందించారు. మింగింది. మళ్లీ తెరిచింది. నాలుగు లడ్లు ముగిశాయి, పళ్లెం ఖాళీ అయింది, నోరు తెరిచే ఉంది. శేషగిరి మనసులోనే సైకిలు అప్పగించేశాడు.

సూర్యప్రకాశరావుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "పాపం! పసికందు తిండి ఎరిగి ఎన్ని నాళ్లయినదో!" అని గద్గదస్వరంతో ఉపన్యాసం ఎత్తుకున్నారు. "సోదరీమణులారా! ఈ శిశువుల బరువు చూచి మోసపోవునంత అమాయకులము కాము. వాపు చూచి బలుపనుకోరాదని మన పెద్దలు ఏనాడో సెలవిచ్చినారు. తినని బిడ్డకు బలుపెక్కడిది? ఇది వాపు! తాలూకా అంతటా వాపు! దీనిని బయటపెట్టిన శేషగిరి వంటి సిబ్బందిని పర్మనెంటు చేయుటకు ఈ వేదికపైనే ఉత్తరువు ఇచ్చుచున్నాను."

చప్పట్లు మోగాయి. కోదండపాణిగారు పక్కవాడితో "మా అల్లుడు" అన్నారు, అక్కడితో ఆపేశారు.

పీపాలు ఇళ్లకు పోయాయి. వెంకటరమణమ్మగారు మర్నాడు ఆ పాలపొడితో కోవా చేయించారు. ఆదినారాయణ అది కూడా తినలేదట, నాలుగు బిళ్లలు కొరికాడట.

ఆ రోజు సభలో పంపకం అయ్యాక తిరుపాలమ్మ ఒక సత్తు గిన్నె పట్టుకుని శేషగిరి బల్ల దగ్గరికి వచ్చింది. నారాయణను తూచారు. అయిదు వీశెలు, మణుగుకు మూడు వీశెలు తక్కువ.

"మీవాడు తింటాడని రాశామమ్మా" అన్నాడు శేషగిరి.

"పెడితే తింటాడంటి సామీ."

"తినేవాళ్లకు ఇచ్చేందుకు లేదు. ఇది తినని వాళ్లకు వచ్చింది."

ఆమె గిన్నె బల్ల మీద పెట్టింది. "అట్లయితే తినడని రాసుకో సామీ. నీకేం బోతుంది?"

శేషగిరి ఫారం తీసి చూశాడు. ఆ టిక్కు అంత పెద్దది పెట్టకుండా ఉండవలసింది. దిద్దితే కొట్టివేత కనబడుతుంది, కొట్టివేత కనబడితే విచారణ వస్తుంది, విచారణ వస్తే మిగతా మూడు వందల తొంభై తొమ్మిదీ బయటికొస్తాయి. పర్మనెంటు అయి అప్పటికి ముప్పావు గంట. ఫారం మడిచి లోపల పెట్టేశాడు.

అప్పుడు సూర్యప్రకాశరావుగారి చూపు నారాయణ మీద పడింది. "తాలూకా మొత్తములో వాపు లేని శిశువు ఇతడొక్కడే కదా!" అని వేదిక మీదికి పిలిపించారు. ఎర్ర రిబ్బను కట్టిన గట్టి కాగితం మీద "ఆదర్శ శిశువు, పేచీ లేక భుజించువాడు" అని రాయించి, తన చేత్తోనే వాడి చేతికి ఇచ్చారు.

నారాయణ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఒక మూల చింపి నోట్లో పెట్టుకుని నమిలాడు. మింగి, ఇంకో ముక్క చింపాడు.

సభ చప్పట్లతో దద్దరిల్లింది. శేషగిరి కూడా కొట్టాడు. కింద కూర్చున్న తల్లులంతా తమ తమ పిల్లల గడ్డాలు పట్టుకుని అటువైపు తిప్పారు.

"సూడు, ఆ పిల్లోడు ఎంత బుద్ధిగా తింటాండాడో! నువ్వూ ఉండావు, ఎందుకూ?"