పిన్ను కొట్టిన పాఠం

పిల్లలకు ప్రత్యుత్పత్తి పాఠం చెప్పకపోవడమంత మహోపకారం ఈ భూమ్మీద ఇంకొకటి లేదు! అలా చిటపటలాడుతూ పేజీ తిప్పేయకండి. ఇది గాలిమాట కాదు. మా పక్క వాటాలో ఉండే సైన్సు మాస్టారిని ఏళ్ళ తరబడి గమనించి మరీ చెబుతున్నాను.

మాస్టారు సామాన్యుడు కాదు. పువ్వుల గురించి ఆయన పాఠం మొదలుపెడితే తేనెటీగలు కూడా వచ్చి నోట్సు రాసుకోవాలి. పుప్పొడి ఎలా రాలుతుందో చేతులు తిప్పి మరీ చూపిస్తారు. కప్పకు కూడా ఏ లోటూ చెయ్యరు. తీరా మనిషి దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇది చాలా సులువురా, ఇంటి దగ్గర చదువుకోండి" అని ఒక్క గెంతులో పర్యావరణ కాలుష్యంలోకి దూకేస్తారు.

అంతటితో ఊరుకుంటే ఆయన గొప్పేముంది? బడి తెరవగానే పిల్లల కొత్త పుస్తకాలన్నీ బల్ల మీద పెట్టించుకుని, ఆ పాఠం పేజీలన్నిటినీ కలిపి స్టేప్లర్‌తో టకటకా పిన్నులు కొట్టేస్తారు. దానికి ముందున్నది గ్రంథుల, హార్మోన్ల పాఠం. అది కూడా ఆ పిన్నుల్లోనే పడిపోతుంది. గ్రంథులు ఏం పాపం చేశాయండీ? ఇరుగుపొరుగు మంచిది కాదు, అంతే!

ఇక లాభాలు చూడండి. సిలబస్ ముందే అయిపోతుంది కనుక హెడ్మాస్టరుకు సంతోషం. బళ్ళో చెబుతార్లే అని ఇంట్లోవాళ్ళూ, ఇంట్లో చెబుతార్లే అని బళ్ళోవాళ్ళూ హాయిగా గుండెల మీద చేయి వేసుకుని నిద్రపోతారు. పిల్లలకు స్వయంకృషి అలవడుతుంది. పిన్ను లేని పాఠాలను తెరిచిన పాపాన పోనివాళ్ళు కూడా పిన్నున్న పాఠాన్ని గోటితో పీకి చదువుతున్నారు! ఏ టీచరు తెప్పించగలడు ఇంత జిజ్ఞాస?

అర్థం కాని చోట వెనక బెంచీ పండితులున్నారు, ఫోన్లున్నాయి. ఒకే సీసాలో నీళ్ళు తాగితే కడుపొస్తుందనే సిద్ధాంతం ఆ తరగతిలోనే పుట్టింది. ఒక కుర్రాడికి గొంతు మారుతుంటే వాళ్ళమ్మ కంగారుపడి సీసాలకు సీసాలు దగ్గుమందు పట్టించింది. వాడు కూడా తనకేదో క్షయ వచ్చిందనుకుని బుద్ధిగా తాగాడు.

తరగతి మొత్తంలో పిన్ను పీకనిది ఒక్కతే. ఆ పిల్ల మాస్టారి కూతురే! నాన్న వద్దన్నాక ఆ పేజీల వంక కన్నెత్తి చూడలేదు. ఇలాంటి బిడ్డను కన్న తండ్రి ధన్యుడు కాదూ?

ఆ బుద్ధిమంతురాలే ఉన్నట్టుండి క్లాసులో తూగడం మొదలుపెట్టింది. ఒళ్ళొచ్చింది. దువ్వితే చాలు, దువ్వెన నిండా జుట్టు. అందరూ ఉక్కపోతకు పుస్తకాలతో విసురుకుంటుంటే తను స్వెట్టర్‌లో ముడుచుకుని కూర్చునేది. మెడ ముందుభాగం కాస్త ఉబ్బింది. "మొద్దు నిద్రకు కాళ్ళొస్తే నీలాగే ఉంటుందే" అని మాస్టారు పదిమందిలో నిలబెట్టి నవ్వించారు.

నెలసరి కూడా గాడి తప్పింది. తల్లితో చెప్పబోతే ఆవిడ, "ష్! నాన్నగారున్నారు" అని నోరు నొక్కేసింది. నాన్నగారు లేనప్పుడు అడిగితే, "చదువు మీద ధ్యాస పెట్టు, అవే సర్దుకుంటాయి" అంది. తనకేదో పెద్ద జబ్బే చేసిందని, ఇక బతకనేమోనని ఆ పిల్ల లోలోపలే కుమిలిపోయింది.

వెనక బెంచీ అమ్మాయి ఒకతి, "నీ మెడ అచ్చం గ్రంథుల పాఠంలో బొమ్మలా ఉందే, ఇంట్లో చెప్పు" అంది. మన బుద్ధిమంతురాలు బొమ్మ మాట వదిలేసి, "నాన్నా, అది పిన్ను పీకేసింది" అని చెప్పింది. మాస్టారు ఆ వెనక బెంచీ వైద్యురాలిని క్లాసు బయట నిలబెట్టారు. క్రమశిక్షణ అంటే అదీ!

తూగు తగ్గకపోయేసరికి చూపులో లోపమని ఆయనే తేల్చి, తల్లీకూతుళ్ళను వెంటబెట్టుకుని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆ డాక్టరు పిల్ల కళ్ళలోకి ఒక్క క్షణం, మెడ వంక చాలాసేపు చూసి, పక్క గదిలో ఉన్న డాక్టరమ్మ దగ్గరికి పంపారు. రక్తపరీక్ష చేయించాక ఆవిడ, థైరాయిడ్ గ్రంథి సరిగ్గా పనిచెయ్యడం లేదని చెప్పి, "నెలనెలా సరిగ్గా వస్తోందా తల్లీ?" అని అడిగారు.

మాస్టారు దిగ్గున లేచారు. "మంచినీళ్ళు పట్టుకొస్తా" అంటూ బయటికి నడిచారు. చేతిలో నిండు సీసా ఉంది.

ఆ తర్వాత లోపల జరిగిందంతా ఆ తల్లి మా ఆవిడ దగ్గర కళ్ళొత్తుకుంటూ చెప్పింది.

"అయితే నేను బద్ధకస్తురాలిని కాదాండీ?" అందట పిల్ల.

"ఎవరన్నారమ్మా ఆ మాట? ఆ గ్రంథి మొరాయిస్తే ఎవరైనా ఇంతే. రోజూ పొద్దున్నే మాత్ర వేసుకో, మళ్ళీ మామూలు మనిషివవుతావు."

"ఆ మాట మా నాన్నగారితో మీరే చెప్పరా?"

"నువ్వే చెప్పచ్చుగా?"

"మెడ వరకైతే చెప్పగలనండీ. మిగతాది ఎత్తితే ఆయన లేచి వెళ్ళిపోతారు."

డాక్టరమ్మ ఆయన్ని పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, ఏ గ్రంథి ఏం చేస్తుందో, నెలసరితో దానికేం పనో మొదటినుంచీ చెప్పారు. మాస్టారు నేల చూపులు చూస్తూనే విన్నారు. చివరికి తలెత్తి, "ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదమ్మా?" అని కూతుర్ని అడిగారు.

"మంచిపిల్లలు అడగకూడని సంగతేమో అనుకున్నా నాన్నా" అందా పిల్ల.

ఆ మాట విన్నప్పటి నుంచీ నా కడుపు మండిపోతోంది. అయినా నా వాదం మీదే నిలబడతాను. పిల్లలకు ఈ పాఠం ఇప్పుడే చెప్పకండి! ముందు నాన్నలకూ, అమ్మలకూ, మాస్టార్లకూ చెబుదాం. వీళ్ళంతా సిగ్గు విడిచి నేర్చుకునేదాకా పిల్లలు నోరు మూసుకుని ఆగుతారు, బుద్ధిమంతులు కదా. వాళ్ళ ఒంటికే అంత బుద్ధి లేదు, ఆగదు.