శవానికి వన్స్ మోర్

నాటకరంగంలో ప్రేక్షకుడే ప్రభువు. ఆ ప్రభువు ఎప్పుడు ఏమనాలో ముందుగానే మనిషిని పెట్టి అనిపించడం నటుడి కనీస ధర్మం! ముప్పై ఏళ్లుగా నేను ఈ ధర్మం తప్పలేదు. అందుకే నల్లగొండలో నన్ను ‘వన్స్ మోర్ లింగస్వామి’ అంటారు. అలా అంటారని నా విజిటింగ్ కార్డు మీద నేనే అచ్చు వేయించాను.

పద్యనాటకాలు చూడని వారి కోసం చెబుతున్నాను. పద్యం పాడాక జనంలోంచి ‘వన్స్ మోర్’ అని కేక వస్తే నటుడు కథను అక్కడే ఆపి, అదే పద్యం మళ్లీ పాడాలి. యుద్ధం మధ్యలో ఉన్నా సరే, చచ్చి పడి ఉన్నా సరే, లేచి పాడాలి. నా విషయంలో ఆ కేక వేసేవాడు నార్కట్‌పల్లిలో టైర్ల దుకాణం నడిపే మా బామ్మర్ది విజేందర్. మిరపకాయ బజ్జీలు పెట్టిస్తే నలుగురు దోస్తులను కూడా వెంటేసుకొస్తాడు.

మా సహృదయ నాటక సమాజానికి నేనే అధ్యక్షుణ్ణి. ఎన్నికలు జరిగితే ఎన్నికయ్యేవాణ్ణే. నిరుడు సుచరిత అనే కాలేజీ లెక్చరర్ మా సమాజంలో చేరింది. పౌరాణికాలకు మన ఇంటోళ్లు తప్ప ఎవరూ రావడం లేదని మొహం మీదే చెప్పి, పాటలూ నవ్వులూ కలిపి ఒక హత్య నాటకం రాసింది. పేరు ‘గడీలో హత్య’. గడీలో, అంటే తన కోటలాంటి ఇంట్లోనే, దొరకు ఎవరో విషం పెడతారు. జనమే అనుమానితులను ప్రశ్నలడగాలి, జనమే హంతకుణ్ణి తేల్చాలి. నేను వెంటనే లేచి, ప్రజల చేతికి నాటకాన్ని అప్పగించే చారిత్రక ఘట్టం ఇదేనని ప్రకటించాను. ఆ తర్వాత నా వేషం ఏమిటని అడిగాను.

నా వేషం దొర. నాటకం మొదలైన కాసేపటికే చస్తాడు. మిగతా నాటకమంతా దుప్పటి కింద ఉంటాడు.

అధ్యక్షుణ్ణి దుప్పటి కిందికి తోయడం సమాజ గౌరవానికి భంగం కాదా? కనీసం చనిపోయే ముందు మోహన రాగంలో ఒక పద్యమైనా ఉండాలని పట్టుబట్టాను. సుచరిత ఒక షరతు పెట్టింది.

“సరే పెద్దనాయినా, పాడు. కానీ ఇక్కడ నల్లగొండల జనం వన్స్ మోర్ అనకుంటే, తర్వాత మహబూబ్‌నగర్ షోల పద్యం తీసేస్త. మల్ల అలగొద్దు.”

ప్రజల తీర్పే నాకు శిరోధార్యమన్నాను. ఇంటికెళ్లి విజేందర్‌కు ఫోన్ చేశాను.

ఇక హత్య ఏర్పాటు వినండి. దొర బల్ల మీద గ్లాసు ఉంటుంది. లైట్లు ఆరిపోతాయి. ఆ చీకట్లో దొర లెక్కలు రాసే మునీం వేషం వేసిన మల్లేష్ జేబులోంచి పొట్లం తీసి గ్లాసులో పొడి కలుపుతాడు. లైట్లు వెలుగుతాయి. దొర తాగి, పద్యం పాడి, పడిపోతాడు. నాటకం ప్రాణమంతా ఆ చీకట్లోనే ఉందని సుచరిత పదిసార్లు చెప్పింది. నా ప్రాణం మాత్రం పొడిలో ఉంది. అది పటికబెల్లం పొడే కావాలని నేనే పట్టుబట్టాను. అది లేకుండా నా గొంతు పైకి లేవదు.

ప్రదర్శన రోజు విచిత్రంగా హాలు నిండిపోయింది. విజేందర్ బృందానికి ఆపి ఉంచిన మూడో వరుస మాత్రం ఖాళీ. నార్కట్‌పల్లి దగ్గర లారీ అడ్డం పడిందనీ, బండ్లు కదలడం లేదనీ విజేందర్ ఫోన్ చేశాడు. విజేందర్ లేకుండా ఎప్పుడైనా పాడానా అని ఆలోచించాను. పాడలేదు.

తెర వెనక నా మీసం అతికిస్తున్న మా ఆవిడ లీలమ్మ నా మొహం చూసింది. “ఒక్కనాడు వన్స్ మోర్ రాకుంటే సచ్చిపోతవా?” అంది. చచ్చే వేషమే కదా అని నవ్వబోయాను కానీ నవ్వు రాలేదు.

లైట్లు ఆరాయి, వెలిగాయి. తాగాను. ‘పోవుచుంటి నోయమ్మ ఈ పుడమి విడచి’ అంటూ నా శక్తికొద్దీ రాగం తీసి పడిపోయాను. హాలు నిశ్శబ్దంగా ఉంది. నా బతుకులో అంత పొడుగు నిశ్శబ్దం నేను వినలేదు.

వెనక నుంచి ఒక ముసలి గొంతు లేచింది. “ఓ దొరా, ఇంకోపాలి!” దాని వెంటే హాలంతా వన్స్ మోర్ అని అరిచింది.

బజ్జీ తినని జనం! శవం కళ్లలోంచి నీళ్లు కారాయి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నేను నిజంగా ఏడ్చాను. లేచి నిలబడ్డాను. గ్లాసు ఖాళీగా ఉంది. పటికబెల్లం కోసం మల్లేష్‌కు సైగ చేశాను. మల్లేష్ పెద్దలంటే గౌరవమున్న పిల్లవాడు. వెలుగులోనే నడిచొచ్చి, జగ్గులోంచి నీళ్లు పోసి, పొట్లం విప్పి పొడి వేసి, వేలితో కలిపి రెండు చేతులతో అందించాడు. పాడాను. చచ్చాను. ఈలలే ఈలలు. మళ్లీ వన్స్ మోర్. ఈసారి నేను చనువుగా, “జర ఎక్కువెయ్యి” అని కూడా అన్నాను. మూడోసారి చచ్చి పడుతూ తెర పక్కకు చూశాను. సుచరిత తల పట్టుకుని కూర్చుంది. ఓడిపోయింది కదా పాపం అనుకున్నాను.

నా మీద దుప్పటి కప్పారు. పోలీసు వేషంలో అనూహ్య పాడుతూ వచ్చి, దొరను చంపిందెవరని జనాన్ని అడిగింది. హాలంతా ఒక్క గొంతుతో “మునీమే” అంది. మల్లేష్ చేతులెత్తేశాడు. గంటన్నర నాటకం అక్కడే అయిపోయింది. అనూహ్య తెలివిగల పిల్ల. ఎలా కనిపెట్టారని జనాన్నే అడిగింది.

ఆ ముసలి గొంతే జవాబిచ్చింది. పానగల్ నుంచి వచ్చిన నర్సింగమ్మట.

“మొదటిపాలి లైట్లు తీసేసిరి. ఎవలేసిండ్రో కనవడలే. అందుకే మల్ల సావమన్నం. రెండోపాలి ముంగటోళ్లు చూసిండ్రు, ఎనకున్నోళ్లకు కనవడలేదంటే ఇంకోపాలి సావమన్నం. దొర మంచోడు బిడ్డా, అడిగినప్పుడల్లా సచ్చిండు.”

“మరి పద్యం ఎట్లున్నది అవ్వా?” అని అనూహ్య అడిగింది.

“పద్యమెక్కడిది? సచ్చెటప్పుడు మూల్గిండు, గదేనా?”

హాలు పగలబడి నవ్వింది. దుప్పటి కదలకుండా ఉండటానికి నేను పడ్డ అవస్థ నా నట జీవితంలోకెల్లా గొప్ప నటన. దానికి ఎవరూ వన్స్ మోర్ అనలేదు.

మర్నాడు పత్రికలకు ‘లింగస్వామి నటనకు వరుస వన్స్ మోర్లు’ అని నేనే రాసి పంపాను. అచ్చయింది. అది పట్టుకుని సుచరిత దగ్గరికి వెళ్లి, షరతు ప్రకారం పద్యం ఉండాల్సిందేనన్నాను.

“వన్స్ మోర్ వచ్చింది పెద్దనాయినా, కాదంటలేను. కానీ అది నీ సావుకొచ్చింది,” అంది.

నాటకాన్ని తిరగరాసింది. ఇప్పుడు అనుమానితులందరూ వెలుగులోనే గ్లాసు ముట్టుకుంటారు. ఆధారం దొరికేదాకా దొరను ఎన్నిసార్లైనా చావమనే హక్కు జనానికి ఉంది. పద్యం తీసేసింది. మహబూబ్‌నగర్‌లో రిహార్సల్ చూడ్డానికి వచ్చినవాళ్లే నన్ను లేపి లేపి చంపారు. మోకాళ్లు వాచాయి.

నిన్న విజేందర్ ఫోన్ చేసి, ఈసారి లారీలు అడ్డం పడినా సరే పొద్దున్నే బయలుదేరి వస్తానన్నాడు. బజ్జీలు పెట్టిస్తాను రమ్మన్నాను. దోస్తులను కూడా తెమ్మన్నాను. మూడో వరుసలోనే కూర్చోమన్నాను.

“గట్టిగ వన్స్ మోర్ అనాలె గదా బావా?”

“అనకురా. రెండోపాలి సచ్చినంక అందరూ కలిసి, ‘ఇగ సాలు’ అనుండ్రి.”