కోదండపాణి చెవుల రసీదు

సిరీస్ ఆఖరి భాగం చూసిన మర్నాడు పొద్దున, నియమం ప్రకారం, దర్జీ కోదండపాణి తన రెండు చెవులూ స్టీలు డబ్బాలో పెట్టుకుని తదుపరి వీక్షణ కార్యాలయానికి బయల్దేరాడు. ఒక సంగీతానికి అలవాటుపడ్డ చెవుల్ని ఇరవై నాలుగు గంటల్లోగా అక్కడ జమ చేయాలి. ఆ తర్వాత చూడబోయే డాక్యుమెంటరీ ఖాయమయ్యాక తెచ్చుకోవాలి. ఊళ్లో అందరూ చేసేదే. భార్య హైమవతి డబ్బా అడుగున పాత పంచె ముక్క మెత్తగా పరిచి, ఎండ తగలనివ్వొద్దని చేత్తో సైగ చేసింది.

ఆ సిరీస్ మాణిక్యం బ్యాండు గురించి, పది భాగాలు. ఆ పెళ్లి బ్యాండు వాళ్ల ఎర్రకోట్లు కుట్టింది తనే కాబట్టి కోదండపాణి ఒక్కో భాగాన్నీ మూడేసిసార్లు చూశాడు. అందులో ఒక పాటంటే అతనికి ప్రాణం. ఊరేగింపు చావింటి ముందుకి రాగానే బ్యాండు ఠక్కున ఆగుతుంది. వాయిద్యాలు దించుకుని, అడుగు తప్పకుండా, చప్పుడు లేకుండా ఆ ఇల్లు దాటుతారు. దాటాక, ఆపినచోటే మళ్లీ అందుకుంటారు. వంటింట్లోంచి వింటూ హైమవతి ఆ పాట పట్టేసింది. (వంటింట్లోంచి విన్నవాళ్లని నియమం ప్రేక్షకులుగా లెక్కించదు కాబట్టి ఆమె చెవులకి ఢోకా లేదు.) కత్తిపీట ముందు కూర్చుని కూనిరాగం తీస్తుంది, బ్యాండు ఆగే చోట తనూ ఆగుతుంది, చెయ్యి మాత్రం వంకాయలు తరుగుతూనే ఉంటుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె పాడగా కోదండపాణి వినడం అదే మొదలు. చెవులు తొందరగా తిరిగి రావాలని అతను ఆరాటపడింది ఆ కూనిరాగం కోసమే.

కార్యాలయంలో గుమాస్తా వీరభద్రం చెవుల్ని తూచి, దారంతో చీటీ కట్టి, రసీదు రాశాడు. గుర్తుల కాలమ్‌లో "చిన్నప్పుడు పోగు తెగి ఎడమ తమ్మె చీలి ఉన్నది" అని నమోదు చేశాడు. అవి తిరిగిచ్చేదాకా వాడుకోవడానికి రెండు రబ్బరు చెవులు ఇచ్చాడు. వాటిలో ఆఫీసువాళ్ల మాటలు తప్ప మరేమీ వినిపించవు. ఆఫీసు ఇచ్చినవి మరి, ఇంకేం వినిపిస్తాయి! వీరభద్రం వెనక గోడ మీద బోర్డు ఉంది: "స్థాపించిన నాటి నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు."

"ఇందులో నూట నలభై డాక్యుమెంటరీలున్నాయి మాస్టారూ. ఒకటి ఎంచుకోండి" అని వీరభద్రం బొమ్మల పుస్తకం ముందుకి తోశాడు.

"కాస్త వినిపిస్తారా?"

"చెవులు జమ చేశారు కదండీ, ఎలా వింటారు?"

"పోనీ చెవులు ఓసారి ఇవ్వండి. విని చెప్తాను."

"ఎంచుకున్నాక ఇస్తామండీ."

ఇందులో తప్పు పట్టడానికి కోదండపాణికి ఏమీ కనపడలేదు. కళ్లజోడు పెట్టుకుని బొమ్మలు తిరగేశాడు. చెవుల్లేకపోతేనేం, దర్జీ కళ్లున్నాయి. చాలా బొమ్మల్లో వాయిద్యగాళ్ల కోట్లు అప్పుడే పెట్టెలోంచి తీసినట్టు, మడతలు కూడా పోకుండా ఉన్నాయి. తొంభై మూడో పేజీలో మాత్రం ఒకడి కోటు, డోలు పట్టీ ఒరుసుకుని భుజం దగ్గర పీచు తేలింది. చంక కింద వేరే రంగు దారంతో మాసిక వేసి ఉంది. వీళ్లు నిజంగా వాయించేవాళ్లే అనుకున్నాడు. ఆ పేజీ మీద వేలు పెట్టాడు.

వీరభద్రం తల అడ్డంగా ఊపాడు. "ఇది కుదరదండీ. మీ సిరీస్ చూసినవాళ్లెవరూ తర్వాత దీన్ని చూళ్లేదు."

"ఎవరూ కోరలేదా?"

"పోయిన నెల ఇద్దరు కోరారండీ. ఎవరూ చూళ్లేదు కాబట్టి కుదరదని చెప్పాం. మీకు ఇది రాశారండీ, మీలాంటివాళ్లంతా చూసేది" అంటూ వీరభద్రం వేరే కాయితం తీశాడు. ఒక పెద్ద స్టేడియంలో కచేరీకి దీపాలు ఎలా అమర్చారో వివరించే డాక్యుమెంటరీ అది, ఎనిమిది భాగాలు.

"నాలాంటివాళ్లంటే ఎవరండీ?"

"దీన్ని చూసేవాళ్లేనండీ."

కోదండపాణి సంతకం పెట్టకుండా ఇంటికొచ్చేశాడు. రెండు రోజులు పంతం పట్టాడు. వంటింట్లో పీట వేసుకుని హైమవతికి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె గొంతు కదులుతోంది, ఆగుతోంది, మళ్లీ కదులుతోంది. పాట ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తోంది గాని, ముక్క వినపడటం లేదు. ఏడుపొచ్చినంత పనైంది. మూడోరోజు వెళ్లి చెప్పినచోట సంతకం పెట్టేశాడు. వీరభద్రం లోపలికెళ్లి అరలోంచి చెవులు తెచ్చి, డబ్బాలో వేసి, రసీదు మీద "అందినవి" అని ముద్ర కొట్టాడు.

ఇంటికొచ్చి చెవులు తగిలించుకుని, చూశానని రాసి పంపాలి కాబట్టి ముందుగా డాక్యుమెంటరీ పెట్టాడు. రెండు నిమిషాలు గడిచాయో లేదో, ఒళ్లు మరిచిపోయాడు. దీపాల గురించి ఇంత ఉందా అని ఆశ్చర్యపోయాడు. కాఫీ ఇవ్వడానికొచ్చిన హైమవతి అతని పక్కనే నిలబడిపోయింది. లోపలికెళ్లి రసీదు తెచ్చి, గుర్తుల కాలమ్ రెండుసార్లు చదువుకుంది.

"ఏవండీ, ఈ చెవులు మీవి కావండీ. తమ్మెకి చీలిక లేదు."

"అతుక్కుపోయుంటుందిలే. అక్కడ బాగా చూసుకుంటార్ట."

"నా మాట వినండి, వెళ్లి అడగండి."

"ఏమని అడగనే? శుభ్రంగా వినపడుతుంటే!"

హైమవతి వంటింట్లోకి వెళ్లి, కత్తిపీట ముందు కూర్చుని, ఎప్పుడూ లేంది కాస్త గొంతెత్తి ఆ పాట మొదలుపెట్టింది. ముందుగదిలోకి వినపడాలనే పాడింది. చరణం సగంలో అతని కేక వినిపించింది.

"ఏం పాటే అది? ఎక్కడా విన్నట్టు లేదే!"

పాట అప్పటికే చావిల్లు వచ్చే చోటికి చేరింది. హైమవతి ఆగింది. ఈసారి చెయ్యి కూడా ఆగింది.

"ఆఁ, అలా ఉండు. ఇక్కడ మంచి విషయం చెప్తున్నారు" అన్నాడు కోదండపాణి.

ఆపినచోట మళ్లీ అందుకోవాలంటే ముందు ఆ చావిల్లు దాటాలి. హైమవతి కాపురం ఆ ఇంట్లోనే. తరగాల్సిన వంకాయలు ఇంకా నాలుగున్నాయి; చప్పుడు కాకుండా తరగడం మొదలుపెట్టింది. ముందుగదిలో రెండో భాగం దానంతటదే మొదలైంది.