మడుగు పాటకు కొత్త ముగింపు

ఒక పెద్ద అడవిలో వానాకాలం పది మడుగులు ఉండేవి. వేసవిలో ఒక్కటే మిగిలేది. ఈ కథ వేసవిది. పది మడుగులున్నప్పుడు ఎవరూ సంఘాలు పెట్టుకోరు.

ఆ ఒక్క మడుగుకే గడ్డి తినేవాళ్లూ రావాలి, గడ్డి తినేవాళ్లను తినేవాళ్లూ రావాలి. ఇప్పటి సింహం పంచాననంగారి తాతగారి కాలంలో జింకలన్నీ విసిగిపోయి పక్క అడవికి వెళ్లిపోయాయట. తాతగారు నెల్లాళ్లు పీతలు తిని బతికారు. ఆ అవమానం భరించలేక ఒక చట్టం చేశారు.

రోజూ సాయంత్రం మడుగు దగ్గర పాట ఉంటుంది. పాట సాగినంతసేపు ఎవరూ ఎవరినీ ముట్టుకోకూడదు. ఉన్నచోటు నుంచి కదలకూడదు. పాట మధ్యలో కదిలినవాడు పాటకు బయటివాడు, ఆ పూటకు వాడికి చట్టం రక్షణ ఉండదు.

పాడేది పికిలిపిట్ట. ఎండిన టేకుమోడు మీద ముక్కుతో మృదంగం వాయించేది వడ్రంగిపిట్ట వీరాచారి. పాట చివర వీరాచారి ఒకే ముక్తాయింపును మూడుసార్లు వాయిస్తాడు. మొదటిది మొదలవగానే గడ్డి తినేవాళ్లు లేవొచ్చు. మూడోది ముగిశాకే మాంసం తినేవాళ్లు లేవాలి. తాతగారికి సంగీతం రాకపోయినా ఆకలి సంగతి బాగా తెలుసు.

ఈ మూడు ముక్తాయింపుల మీదే బతుకుతున్నది చుక్కమ్మ అనే దుప్పి. చిన్నప్పుడు బండల మధ్య ఇరుక్కుని ఆమె ముందుకాలు ఒకటి వంకరపోయింది. మొదటిదానికి నీళ్లలోంచి మూతి తీసేది, రెండోదానికి కుంటుకుంటూ గట్టెక్కేది, మూడోది ముగిసేసరికి వెదురుపొదలో ఉండేది. ఒక్క దెబ్బ ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఆ ఏడు పంచాననంగారికి వయసు మీదపడింది, పొట్ట ముందుకొచ్చింది. పదిహేను రోజులుగా ఒక్క వేటా దొరకలేదు. ఆయన తినకపోతే మిగిలేది ఉండదు. మిగిలింది తిని బతికే కార్యదర్శి నక్క జంబుకేశానికి డొక్కలు బయటపడ్డాయి.

"ప్రభూ, తప్పు తమ కాళ్లది కాదు. ముక్తాయింపుది" అన్నాడు జంబుకేశం ఒకరోజు.

"వాడెవడు?" అన్నారు పంచాననంగారు. ఆయనకు సంగీతమంటే చాలా గౌరవం. అందుకే ఏనాడూ దాని జోలికి పోలేదు.

"పాట చివర వీరాచారి కొట్టే దెబ్బలండీ. రసికులకు ఒకసారి వాయిస్తే చాలదా? మిగతా రెండూ ఎవరికోసం? పారిపోయేవాళ్లకోసం."

"అయితే తీసిపారెయ్."

"మనం తీసేస్తే అన్యాయం అంటారు ప్రభూ. సంఘం వేసి తీసేస్తే సంస్కరణ అంటారు."

మర్నాడు పొద్దున్నే ముగింపు సంస్కరణ సంఘం సమావేశమైంది. అధ్యక్షుడు ఏనుగు మహాకాయం. సభ్యులు నెమలి నీలకంఠం, ఎలుగుబంటి జాంబయ్య. వీరాచారి ప్రత్యేక ఆహ్వానితుడు, అంటే నోరు మూసుకుని కూర్చోవాలి.

"ముగింపన్నాక ఘనంగా ఉండాలి" అన్నాడు మహాకాయం. "నేను తొండమెత్తి ఒక్క ఘీంకారం చేస్తాను. ఆ తర్వాత గంటసేపు ఎవరికీ ఏమీ వినపడదు. అంతకన్నా ముగింపు ఏం కావాలి?"

"ముగింపు చెవులకు కాదండీ, కళ్లకు!" అన్నాడు నీలకంఠం. "నేను పురి విప్పితే పాట ఎప్పుడాగిందో కూడా ఎవరూ పట్టించుకోరు."

జాంబయ్యకు మెత్తని ముగింపులు ఇష్టం. "అలా కాదు. మెల్లమెల్లగా తగ్గించుకుంటూ పోవాలి. ఇంకా మెల్లగా... ఇంకా..." అంటూ చేసి చూపిస్తూ కళ్లు మూశాడు. సంఘం శ్రద్ధగా విన్నది. కాసేపటికి అది గురక అని తేలింది. అయినా అభిప్రాయం కిందే రాసుకున్నారు.

రెండు గంటలు వాదించుకున్నారు. ఏనుగు నెమలిని గొంతులేనివాడన్నాడు. నెమలి ఏనుగును గొంతు తప్ప ఏమీ లేనివాడన్నాడు. సరిగ్గా అందరికీ ఆకలేసే వేళ చూసుకుని జంబుకేశం గొంతు సవరించుకున్నాడు.

"పెద్దలందరి ముగింపులూ గొప్పవే. ఏ ఒక్కరిది పెట్టినా మిగతావాళ్లను అవమానించినట్టే. కాబట్టి అసలు ముగింపే వద్దు. పాట పోతూ పోతూ ఠక్కున ఆగిపోవాలి. రోజుకో చోట ఆగాలి. ఎక్కడ ఆగుతుందో శ్రోతలకు ముందుగా తెలియకూడదు. అదీ కొత్తదనమంటే! ఆగగానే ఇష్టమైనవాళ్లు లేవొచ్చు."

తనది కాకపోతే పోయింది, పక్కవాడిది కూడా కాలేదు. ఆ సంతోషంలో ముగ్గురూ ఒప్పుకున్నారు. జాంబయ్య తరఫున గురకను లెక్కలోకి తీసుకున్నారు.

గట్టు చివర నిలబడి వింటున్న చుక్కమ్మ కుంటుకుంటూ ముందుకొచ్చింది.

"అయ్యా, నాకు ఆ మూడూ కావాలండి. ఒక్కటి తగ్గినా నేను పొదదాకా చేరలేను."

"చూడమ్మా, కళను నీ కాలితో కొలుస్తామా?" అన్నాడు జంబుకేశం.

"నా కాలితో కాదండీ, నా ప్రాణంతో కొలవండి" అంది చుక్కమ్మ.

"భావం బాగుంది" అన్నాడు అధ్యక్షుడు. "దీన్ని చరణంలో వాడుకోవచ్చేమో చూడండి." అని భోజనానికి లేచాడు.

ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్లు మండుతుంది. ఏనుగు చెడ్డవాడు కాదు. ఆకులు తినేవాడే, ఒకరిని చంపేవాడు కాదు. అతణ్ని మాత్రం ఎవరూ తినలేరు, అందుకే ఆ మూడు ముక్తాయింపులూ అతనికి ఉత్త చప్పుడుగా వినపడ్డాయి.

కొత్త పద్ధతిని ఒక పెద్ద మోదుగాకు మీద రాసి మడుగు దగ్గర వేలాడదీశారు. గంటలోపల దాన్ని ఒక కణితి జింక తినేసింది. ప్రకటన అందరికీ అందినట్టు జంబుకేశం రాసుకున్నాడు.

తర్వాత వీరాచారిని పక్కకు పిలిచాడు.

"ఏమయ్యా వీరాచారీ, రేపు మూడో చరణంలో 'అందరి నీరు' అన్న మాట వస్తుంది చూడు, అక్కడ ఆపెయ్యాలి. ప్రభువుకు నేను చెప్పుకుంటాను."

"అక్కడ ఆపుతాను" అన్నాడు వీరాచారి.

నక్క వెళ్లిపోయాక చుక్కమ్మ మోడు కిందికి వచ్చింది. "పెద్దయ్యా, నిజంగానే ఆపేస్తావా?"

"మాటిచ్చాను, ఆపాలి గదమ్మా" అన్నాడు వీరాచారి. "మా నాన్న నాకు ముందు నేర్పింది కొట్టడం కాదు, కొట్టకుండా ఉండడం. ముక్కు ఆగినా తాళం ఆగదు. లోపల లెక్క నడుస్తూనే ఉంటుంది. ఆపమన్నాడు, ఆపుతాను. మళ్లీ ఎత్తుకోవద్దని అనలేదుగా?"

చుక్కమ్మ చెవులు నిక్కించింది. "ఎంతసేపు ఆపుతావు?"

"నాలుగు దెబ్బలు. ఆ నాలుగు దెబ్బలూ నీళ్లలోంచి మూతి తీయొద్దు. పికిలిపిట్టకు నేను చెబుతాను, మీవాళ్లందరికీ నువ్వు చెప్పు. పాట ఇంకా అవలేదు కాబట్టి, కదిలినవాళ్లే పాటకు బయట."

"దొరగారు నా మీదికి దూకితే?"

"ఆయన లేవడానికే రెండు దెబ్బల సేపు పడుతుంది."

"మిగతా రెండూ?"

"ఆ రెండూ నాకూ భయమేనమ్మా" అన్నాడు వీరాచారి.

మర్నాడు సాయంత్రం ఎండ ఇంకా తగ్గకముందే మడుగు చుట్టూ అందరూ చేరారు. పంచాననంగారు ఎప్పుడూ లేనిది ముందు వరసలో, చుక్కమ్మకు సరిగ్గా వెనక కూర్చున్నారు. పక్కనే జంబుకేశం. ఆకలితో నోరూరుతుంటే పాటకు తల ఊపుతున్నట్టు నటిస్తున్నాడు.

పికిలిపిట్ట ఎత్తుకుంది. మొదటి చరణం అయింది, రెండో చరణం అయింది. మూడోది వచ్చింది.

"అందరి మడుగిది... అందరి నీరు..."

ఠక్కున ఆగింది. పికిలిపిట్ట నోరు మూసింది, వీరాచారి ముక్కు మోడు మీద అలాగే నిలిచిపోయింది.

ఒకటి.

జంబుకేశం ఎగిరి గంతేశాడు. "భళా! భళా! ఏం ముగింపండీ! ఇదీ ముగింపంటే!" ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసినవాడు కావడంతో, మెచ్చుకోవడంలో అందరికంటే ముందున్నాడు.

రెండు. పంచాననంగారు ఎలాగో పొట్ట పైకెత్తుకుని లేచారు.

మూడు. ఆయన ఊపిరి చుక్కమ్మ వీపుకు తగిలింది. వంకరకాలు లాగేసింది. అయినా మూతి నీళ్లలోంచి తీయలేదు. మడుగు చుట్టూ ఒక్క జింకా కదల్లేదు, ఒక్క కుందేలూ కదల్లేదు.

నాలుగు. పంజా పైకి లేచింది.

టకటక టకటక!

"...అందరి నీరిది, అందరి దాహమిది!" అని పికిలిపిట్ట అందుకుంది.

పంచాననంగారి పంజా గాలిలోనే ఆగింది. "ఇదేమిటి? ఆగిపోయింది కదా!"

పికిలిపిట్ట పాడుతోంది. వీరాచారి ముక్కుకు తీరిక లేదు. జవాబు చెప్పాల్సింది అధ్యక్షుడే. మహాకాయానికి తీర్పులు చెప్పడమంటే చెరకు తిన్నంత ఇష్టం. గుసగుసగా అన్నాడు. ఆ గుసగుస అడవంతా వినిపించింది.

"ఆగలేదు ప్రభూ. తాళం నడుస్తూనే ఉంది, నేను చెవులు ఊపుతూ లెక్కపెట్టాను. పాట మధ్యలో కదిలినవాళ్లు పాటకు బయటివాళ్లు. తాతగారి చట్టం."

పంచాననంగారు చుట్టూ చూశారు. అడవంతా ఆయన పంజావైపే చూస్తోంది. ఇప్పుడు దాన్ని చుక్కమ్మ మీద దించితే రేపటినుంచి ఈ మడుగుకు ఎవరూ రారు. ఆయనకు పీతలు గుర్తొచ్చాయి.

"మరి నేనూ కదిలానే?"

"తమరూ బయటివారే. ఈ పూటకు తమరిని ఎవరైనా తినొచ్చు" అన్నాడు మహాకాయం.

ఎవరూ ముందుకు రాలేదు.

"సరే. ఇంకెవరు కదిలారు?"

అందరి చూపూ జంబుకేశం మీదికి తిరిగింది. ఎగిరిన గంతుకు లేచిన దుమ్ము ఇంకా అతని చుట్టూ ఉంది.

"ప్రభూ, నేను కార్యదర్శిని..."

"నాకంటే ముందు లేచావు. భళా అని కూడా అన్నావు" అన్నారు పంచాననంగారు. "అధ్యక్షా, బయటివాళ్లిద్దరి మధ్య చట్టమేమైనా ఉందా?"

మహాకాయం ఆలోచించాడు. "ఏమీ లేదు ప్రభూ."

"ముగింపు మార్చింది తమకోసమే కదా ప్రభూ!" అని జంబుకేశం వెనక్కి తిరిగి పరుగెత్తబోయాడు. పదిహేను రోజుల పస్తు కాళ్లను సాగనివ్వలేదు. పైకెత్తిన పంజా వృథా కాలేదు. కాస్త పక్కకు దిగిందంతే.

పాట సాగింది. చివర వీరాచారి ముక్తాయింపు ఎత్తుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు వాయించాడు. కొత్త పద్ధతి ప్రకారం అభ్యంతరం చెప్పాల్సిన కార్యదర్శి అందుబాటులో లేడు. చుక్కమ్మ మొదటిదానికి మూతి తీసింది, రెండోదానికి గట్టెక్కింది, మూడోది ముగిసేసరికి వెదురుపొదలో ఉంది. అక్కడికి చేరాక మాత్రం కూలబడి భోరున ఏడ్చింది.

మర్నాడు సంఘం మళ్లీ సమావేశమై సంతాపం తెలిపింది. జంబుకేశంగారు నమ్మిన సిద్ధాంతానికి కట్టుబడి, పోతూ పోతూ ఠక్కున ఆగిపోయారని అధ్యక్షుడు కొనియాడాడు. తర్వాత పాత మూడు ముక్తాయింపులనే సంఘం కనిపెట్టిన సరికొత్త ముగింపుగా ప్రకటించి, మహాకాయానికి దండ వేశారు. వీరాచారిని సభకు పిలవడం మరిచిపోయారు.

నీతి: పాట ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసినవాడు అందరికంటే ఆలస్యంగా మెచ్చుకోవాలి.