అమ్మ పెనం, వెండెల్ కొలత

ఆ పొద్దున ఆర్డిస్ అనుకున్న పని చాలా చిన్నది. తాను దొడ్లో ఈనబోతున్న ఆవును చూసుకోవాలి, ఈలోగా మొగుడు వెండెల్ ఒక్క ఫోను చేయాలి. వెండెల్‌కు ఒక్క పని అప్పజెప్పి నిశ్చింతగా ఉండడం ఎంత సాహసమో ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమెకు తెలియక కాదు. ఆవు ఆగదు కదా!

"బల్ల మీద తూటా ఉంది. పొడుగు కొలిచి క్లైడ్‌కి చెప్పు. ఆ కొలతకే తుపాకీ చేస్తాడు. మర్చిపోవుగా?"

"నేనా? మర్చిపోవడమా?" అన్నాడు వెండెల్, ఎక్కడ విప్పాడో గుర్తురాని బూట్ల కోసం బల్ల కింద వెతుక్కుంటూ.

తూటాను లోపలికి తోసి, మళ్ళీ బయటికి లాగే ఉక్కు భాగాన్ని యాక్షన్ అంటారు. అందులో పొట్టిదీ పొడుగుదీ రెండు రకాలు. వెయ్యి గజాల గురికి ఏది మేలన్న దాని మీద మా మోంటానాలో సొంత అన్నదమ్ములు మాటలు మానుకున్నారు. ఆర్డిస్‌ది పొట్టి పక్షం. ఆ లెక్కనే చలికాలమంతా పొయ్యి పక్కన కూర్చుని, తుపాకీ కింద అమర్చే వాల్‌నట్ చెక్కలో యాక్షన్ కూర్చునే గాడిని చేత్తో తొలిచింది. అంత శ్రమా ఒక పెనం కోసం. మా గాండర్ క్రీక్‌కీ పక్క ఊరు హాలెట్‌కీ ఏటా జరిగే తుపాకీ గురి పోటీకి వాళ్ళ అమ్మ తన ఇనుప పెనాన్నే బహుమతిగా పెట్టింది. పదకొండేళ్ళుగా హాలెట్ వాళ్ళే గెలుస్తున్నారు, అది వాళ్ళ కాఫీ హోటల్లో మేకుకు వేలాడుతోంది. అమ్మ పోయింది, పెనం రాలేదు. పెనాన్ని చూడలేక ఆర్డిస్ ఆ హోటల్లో కాఫీ తాగడమే మానేసింది.

బల్ల మీద ఒకటి కాదు, రెండు తూటాలున్నాయి. ఒకటి అసలుది. రెండోది మందు లేని ఉత్తది, ఆర్డిస్ ఏదో కొలత చూసుకోవడానికి తొడుగులోకి గుండును సగమే దిగ్గొట్టి వదిలేసింది. వెండెల్ సరిగ్గా దాన్నే కొలిచాడు.

"ఇంత పొడుగా? పొట్టి యాక్షన్‌లో పట్టదయ్యా. ఆర్డిస్ పొట్టిదే కదా అంది?" అన్నాడు తుపాకులు చేసే క్లైడ్.

"కొలత అబద్ధమాడుతుందా? పొడుగుదే పెట్టు," అన్నాడు వెండెల్ ఠీవిగా.

పోటీ రెండు వారాలుందనగా తుపాకీ వచ్చింది. ఆర్డిస్ పొలంలో కంచె వేయిస్తోంది. చెక్కలో పెట్టి చూసిన వెండెల్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. గాడికన్నా యాక్షన్ బొటనవేలు మందాన పొడుగెక్కువ! ఆమె చూసేలోగా సర్దేద్దామని ఉలి తీసుకున్నాడు. గాడి వదులైపోయింది. సందులు పూడ్చడానికి జిగురు పోశాడు. జిగురు పోసేముందు ఉక్కుకు మైనం రాయాలి, లేకపోతే అతుక్కుపోతుంది. అది మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. వెండెల్‌కు కూడా తెలుసు, తెల్లారాక గుర్తొచ్చింది.

చలికి ఉక్కు ముడుచుకుని ఊడుతుందని ఎవరో అనగా విన్నాడు. అంత పెద్ద ఫ్రీజర్ చర్చి వంటగదిలోనే ఉంది. దుప్పట్లో చుట్టి, లెఫ్సె రొట్టెల కింద దూర్చి వచ్చాడు. ఆదివారం భోజనాలకు ఆ రొట్టెలే కావాలన్న సంగతి కూడా మర్చిపోయాడు.

చర్చి వంటకు పెద్దదిక్కు గుడ్రున్. నిండు సభలో దుప్పటి విప్పి నిలబడింది.

"ఏమ్మా ఆర్డిస్, ఈ ఏడు వడ్డన ఇదేనా?"

ఆర్డిస్ తుపాకీని అటూ ఇటూ తిప్పింది. చూడగానే అంతా అర్థమైంది. ముఖం కందగడ్డలా చేసుకుని మొగుడివైపు తిరిగింది.

"మహానుభావా! పెనం అడిగితే కొంప ముంచావు కదయ్యా! అమ్మ వస్తువు ఈసారైనా ఇంటికొస్తుందనుకున్నాను."

ఆమె కంట నీరు చూశాక ఊళ్ళో ఎవరికీ నవ్వు రాలేదు. ఎంత చలికీ జిగురు వదల్లేదు. వేరే తుపాకీకి వ్యవధి లేదు. క్లైడ్ తొలిచిన గొట్టానికి తగ్గట్టు, తన తూటాలన్నింటినీ మొగుడి కొలతకే పొడుగ్గా కట్టుకుని, అతుక్కున్న ఆ తుపాకీతోనే పోటీకి బయల్దేరింది.

చెరి ఇరవై గుండ్లు. పంతొమ్మిది అయ్యేసరికి ఆర్డిస్, హాలెట్ మొనగాడు రాయిస్ సమానం. ఇద్దరూ ఆఖరి తూటా లోపలికి తోశారు. సరిగ్గా అప్పుడే గురిపలకల ముందుకు ఒక నల్లావు తాపీగా నడిచొచ్చింది. దాని తుంటి మీద ఆర్డిస్ ఇంటి ముద్ర.

"వెండెల్! గేటు వేశావా?"

వెండెల్ టోపీ సర్దుకున్నాడు.

"ఆపండి! తూటాలు బయటికి తీయండి!" అని అరిచాడు పోటీ అధికారి.

ఆర్డిస్ తుపాకీ గడియను, అంటే బోల్టును, వెనక్కి లాగింది. తూటా సుఖంగా బయటికి వచ్చింది. రాయిస్‌ది పొట్టి యాక్షన్. దూరపు గురి కోసం గుండును వీలైనంత బయటికే ఉంచి కట్టాడు. మొన ముందు పెట్టి లోపలికి దూర్చొచ్చు, కాల్చిన తొడుగైతే బయటికీ వస్తుంది, కానీ కాల్చని తూటా యాక్షన్‌కున్న ఆ పొట్టి ద్వారంలోంచి ఎలా వస్తుంది? మొన తట్టుకుంది. గుంజాడు. గుండు విడిపోయి మందంతా లోపల చిందింది. ఆవు వెళ్ళాక మళ్ళీ గడియారం మొదలైంది. అతను బోల్టు ఊడదీసి, తుపాకీని తిరగేసి దులిపి, గడువు ముగుస్తుండగా ఆదరాబాదరా కాల్చాడు. పదికి ఏడే.

ఆర్డిస్ తొందరపడలేదు. జెండాలు చూసింది. గాలి తగ్గేదాకా ఆగింది. కాల్చింది. పది! నడిబొడ్డున! మా ఊరు ఊరంతా గొంతు పోయేలా అరిచాం. గుడ్రున్ అయితే క్లైడ్‌ను కావలించుకుని ఏడ్చేసింది.

రాయిస్ మర్యాదస్థుడు. పెనం తనే మేకు నుంచి దించి తెచ్చి ఇచ్చాడు.

"పొడుగు యాక్షన్ పెట్టడం ఎవరి బుర్రకు తట్టింది?"

ఆర్డిస్ తలెత్తి, ఊరంతా వినేటట్టు చెప్పింది. "నా మొగుడికి. తనే కొలిచాడు. తనే ఎంచాడు. ఊడిపోకుండా అతికించింది కూడా తనే."

వెండెల్ ఛాతీ రెండంగుళాలు పొంగింది. మర్నాడు పొద్దున్నే, పదకొండేళ్ళ తర్వాత ఇంటికొచ్చిన పెనంలో అందరికీ గుడ్లు తనే వేస్తానని పట్టుబట్టి పొయ్యి దగ్గర నిలబడ్డాడు.

వెన్న రాయడం మర్చిపోయాడు.